ఆటల సభలో తెలుగు మాట

బల్లమీద పరచుకొని ఆడే ఆటలకోసం ఎక్కడెక్కడివారో ఒకచోట చేరి, రెండు మూడు రోజులు ఆడుకొని విడిపోవడం మన నగరాల్లో కూడ వాడుకలోకి వచ్చింది. ఆ మధ్య బెంగుళూరులో జరిగిన అటువంటి సభ ఒకదానికి మేము వెళ్ళాము. ఆట మాకు చేతకాదు. మా విద్యార్థిని ఒకామె, "ఇక్కడ హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల తెలుగువాళ్ళు గుంటలాట ఆడుతున్నారండీ, మీరొకసారి చూడాలి" అని కబురు చేస్తే బయలుదేరాము. చూసి తిరిగివచ్చేటప్పుడు మా పాత నోటు పుస్తకాలు గుర్తుకువచ్చి మనసు కొంత చివుక్కుమన్నది. ఆ సంగతి తరువాత.

ఇటువంటి సభల చరిత్రను పాశ్చాత్యులు సాధారణంగా 1968 నుంచి చెప్తారు. ఆ యేడు ఆగస్టులో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, లేక్ జెనీవా అనే చిన్న ఊళ్ళో, గేరీ గైగాక్స్ అనే ఆయన ఒక హాలు అద్దెకు తీసుకొని, యుద్ధక్రీడలు ఆడేవారిని పిలిచాడు. ఊరిపేరునుబట్టి దానికి జెన్ కాన్ అని పేరు. జర్మనీలోని ఎస్సెన్ నగరంలో 1983లో మొదలైన 'ష్పీల్' ఇంకా పెద్దది. కొత్త ఆటలు అమ్మకానికి పెట్టడం, తెలియనివారికి నేర్పడం, ముక్కూ మొహం తెలియనివారితో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం, ఇవి అక్కడి పద్ధతులు. బెంగుళూరు సభకూ ఇవే పద్ధతులు వచ్చాయి.

అయితే ఆటకోసం జనం కూడడం మనకు కొత్త కాదు. వైకుంఠ ఏకాదశి నాటి రాత్రి జాగరణకు పరమపద సోపానపటం పరచడం తెలుగు, తమిళ దేశాలు రెండింటిలోనూ ఉన్న ఆచారమే. హంపీలో మండపాల రాతినేలమీద పులిజూదం, దాడి ఆటల గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి. రాజాస్థానంలో ఆటకు దొరికిన గౌరవానికి మైసూరు మంచి ఉదాహరణ. ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) రాజ్యాధికారం 1831లో కుంఫిణీవారి చేతికి పోయిన తరువాత మిగిలిన తీరికను గంజీఫాకూ, చదరంగంలోని గుర్రపు నడకలకూ వెచ్చించాడు. 'శ్రీతత్త్వనిధి'లోని తొమ్మిది నిధులలో కౌతుకనిధి ఈ ఆటలకు సంబంధించినదే. ఔరంగాబాదులో హరికృష్ణ శర్మ 1871లో రచించిన సంస్కృత గ్రంథభాగానికి 'క్రీడాకౌశల్యం' అని పేరు. మైసూరులో రాంసన్స్ కళాప్రతిష్ఠానంవారు సంప్రదాయ క్రీడాపటాలతో జరుపుతూవచ్చిన ప్రదర్శనలకు ఈ పేరే పెట్టుకొన్నారు. చెన్నైలో క్రీడా అనే సంస్థ 2002 నుంచి ఇటువంటి కృషే చేస్తున్నది. కనుక నేటి ఆటల సభకు లేక్ జెనీవా ఒక్కటే పుట్టిల్లు అనుకోనక్కరలేదు.

ఇక మాటల సంగతి. పులిజూదం పటం చుట్టూ చేరినవారిలో హోసూరు వైపునుంచి వచ్చిన కుర్రవాడొకడు ఉన్నాడు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. ఆట పేరేమిటని అడిగితే "ఆడుపులాట" అన్నాడు. అర్థం అడిగాము. "మూడూ ఆడపులులు సార్, మేకలకోసం కాచుకొని ఉంటాయి" అన్నాడు. పక్కవాళ్ళు నవ్వారు గాని మాకు నవ్వు రాలేదు. తమిళ, కన్నడాలలో 'ఆడు' అంటే మేక. తెలుగులో ఆ ధాతువుకు చెందిన మాట 'ఏట'. పొట్టేలు అని అర్థం. మూల ద్రావిడంలోని పదాది యకారం పోయి ఇక్కడ ఏ-కారం, అక్కడ ఆ-కారం మిగిలాయి. కుర్రవాడి తాతలు తమిళుల నోట విన్న పేరును తీసుకొన్నారు. వాడు దానికి తన తెలుగులో అర్థం చెప్పుకొన్నాడు. మేకను కోల్పోయి ఒక ఆడపులిని సంపాదించాడు. ఆటలో మాత్రం లోటేమీ రాలేదు. మూడు పులులు, పదిహేను మేకలు, ఇరవైమూడు కూడళ్ళు; ఎవరి భాషలో ఆడినా అంతే.

ఇటువంటి ఉదాహరణలు చూపి, ప్రవాసంలో తెలుగు చెడిపోయిందని వాపోయే వ్యాసాలు మన పత్రికల్లో తరచు వస్తుంటాయి. ఆటల విషయంలో ఆ వాదం నిలవదు. పందెపు సంఖ్యలు ఏ భాషలోనూ సొంతసొత్తు కావు. దుగ, తిగ అని మన పాచికలాటలో వినిపించేవి ప్రాకృతం నుంచి వచ్చినవి. నాలుగు గవ్వలూ బోర్లాపడితే మనం 'అష్టా' అంటాము, అది సంస్కృతం. అదే ఆటను మైసూరు ఇళ్ళలో చౌకాబారా అంటారు. హిందీలో పన్నెండుకు చెల్లే 'బారా' అక్కడ ఎనిమిదికి చెల్లుతున్నది. అంకె మారినా పేరు నిలవడం నాణేలలోనూ కొలతలలోనూ ఉన్నదే. ఆటతోబాటు మాట ప్రయాణం చేస్తుంది, దారిలో అర్థం మార్చుకొంటుంది. ఇందులో నష్టం మాకు కనిపించలేదు.

ప్రయాణం రెండువైపులా సాగిందనడానికి గంజీఫా సాక్ష్యం. మహారాష్ట్రలోని సావంతవాడి గంజీఫాకు ప్రసిద్ధి. ధర్మశాస్త్ర చర్చలకోసం తెలంగాణనుంచి వచ్చిన పండితులు ఆ ఆటను తమ సంస్థానానికి తెచ్చారని అక్కడివారు చెప్పుకొంటారు. పండితులు శాస్త్రంతోబాటు పేకముక్కలు కూడ సంచిలో వేసుకొనివెళ్ళారన్న మాట! ఇటు ఒడిశాలో దానిని గంజపా అంటారు. గుడ్డను పొరలుగా చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, గుండ్రంగా కత్తిరించి బొమ్మలు వేస్తారు. దశావతార గంజీఫాలో పది రంగులు, రంగుకు పన్నెండు ముక్కలు, మొత్తం 120. ప్రతి రంగుకూ రాజు, మంత్రి. సగం రంగులలో పది పెద్ద, మిగిలిన సగంలో ఒకటి పెద్ద. పగలు ఆడితే రాముడితో మొదలు, రాత్రి ఆడితే కృష్ణుడితో. ఈ ముక్కలు తయారైన ఊళ్ళలో పర్లాకిమిడి ఒకటి. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి అదే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆ పట్టణం అటు చేరగా, ఆయన ఊరు విడిచి రాజమండ్రి వచ్చేశారు. జిల్లా హద్దులు గీసినవారు ఆటగాళ్ళను అడగలేదు. ఆ ఊళ్ళో తెలుగు, ఒడియా ఇళ్ళు పక్కపక్కనే ఉన్నాయి.

అయితే నష్టమే లేదా? ఉన్నది. అది మా చేతులమీదుగా జరిగినది.

మేము పరిశోధన మొదలుపెట్టే నాటికి మాండలిక వృత్తి పదకోశం సంపుటాలు మాకు ఒజ్జబంతి. వ్యవసాయ సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వెలువడ్డాయి. ఆ అడుగుజాడల్లోనే ప్రశ్నావళి తయారుచేసుకొని, తమిళనాడులోని తెలుగు పల్లెలు తిరిగాము. నాగలి భాగాలు, మగ్గం భాగాలు, చుట్టరికాలు అడిగాము. ఒక ఊళ్ళో మధ్యాహ్నంపూట మేము పెద్దాయన దగ్గర కూర్చొని కాడి, మేడి అని రాసుకొంటుంటే, వెనక వసారాలో ఆడవాళ్ళు గుంటలాట ఆడుతున్నారు. గింజల చప్పుడు టేపులో పడుతున్నదని "కాస్త ఆపండమ్మా" అన్నాము. వాళ్ళు ఆపారు. ఆ టేపు ఇప్పటికీ మా దగ్గర ఉన్నది. మా గొంతు, ఆపైన నిశ్శబ్దం, తరువాత పెద్దాయన నాగలి.

బెంగుళూరు సభలో గుంటలాట బల్ల దగ్గర కూర్చొన్నది ఎనభై దాటిన ముసలమ్మ. మనవరాలు తీసుకొనివచ్చింది. గుంటలో నాలుగు గింజలు పడగానే "పసువచ్చె, తీస్కో" అన్నది. నాలుగు గింజల గుంటను ఆవుగా లెక్కించడం తమిళుల పల్లాంగుళిలోని పద్ధతి; 'పసు' అక్కడిదే, క్రియ రెండూ తెలుగు. మనవరాలు అదే సంగతిని ఇంగ్లీషులో నలుగురికి విడమరచి చెప్తున్నది. ఆటంతా తెలుసు, మాటలు అవ్వవి. మేము కాగితం తీసి, ఆట పేరు చెప్పమన్నాము. "ఓమనగుంతలు" అన్నది. మేము అలవాటుకొద్దీ 'వామనగుంటలు' అని రాయబోయి ఆగి, అన్నది అన్నట్టే రాశాము. తక్కిన మాటలు అడగబోతే, "ఆడుతూ ఉంటే వస్తాయి నాయనా, ఉత్తినే అడిగితే యాడొస్తాయి? కూసో" అని అవతలి వరుస గుంటలు మా వైపు తిప్పింది. మూడు ఆటలు ఓడిపోయాము. పందొమ్మిది మాటలు రాసుకొన్నాము.