మందుకు లొంగని క్రిమి

నిరుడు మా పెదనాన్నగారు హైదరాబాదులో ఒక పెద్ద ఆస్పత్రి ఐ.సి.యు.లో పదిహేడు రోజులు ఉన్నారు. చేరింది పక్షవాతంతో, పోయింది న్యుమోనియాతో. చివరి వారంలో డాక్టరుగారు కల్చర్ రిపోర్టు నా చేతికిచ్చారు. ఒక పక్క మందుల పేర్లు. వాటికెదురుగా వరసగా ఆర్, ఆర్, ఆర్. ఆర్ అంటే క్రిమి ఆ మందుకు లొంగదని అర్థం. మిగిలింది కొలిస్టిన్ ఒక్కటే. "క్రిమి మొండిదండీ, మన ప్రారబ్ధం" అన్నారాయన. ఆయన్ని తప్పు పట్టను. కాని ప్రారబ్ధమన్న మాట చెవిన పడితే, దాని వెనక చరిత్ర ఏమిటా అని వెతకడం నాకు అలవాటు.

ఐ.సి.యు. పుట్టుక గొప్ప కథ. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించింది. ఊపిరి కండరాలు చచ్చుబడిన పిల్లలూ పెద్దలూ బ్లెగ్‌డామ్ ఆస్పత్రికి రోజూ వచ్చిపడుతున్నారు. ఊపిరాడించే యంత్రాలు పదైనా లేవు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తువైద్యుడు, గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టి, రబ్బరు సంచి చేత్తో నొక్కుతూ గాలి పంపవచ్చని చూపాడు. నొక్కేదెవరు? దాదాపు 1500 మంది వైద్యవిద్యార్థులు వంతులు వేసుకుని, రాత్రింబవళ్ళు, నెలల తరబడి నొక్కారు. చావులు బాగా తగ్గాయి. మరుసటేడు ఇబ్సెన్ అదే నగరంలో ఐ.సి.యు. నెలకొల్పాడు. దాని పునాదిలో ఉన్నవి ఆ చేతులు.

అయితే ఆ గొట్టమే క్రిమికీ దారి అయింది. ముక్కూ, దగ్గూ కాసే కాపలాను తప్పించి అది తిన్నగా లోపలికి పోతుంది. అక్కడ మనిషిని కాయవలసింది యాంటీబయాటిక్. దాని సంగతి చూద్దాం. పెన్సిలిన్‌ను విరగ్గొట్టే ఎంజైము క్రిముల్లో ఉందని అబ్రహాం, చెయిన్ 1940లోనే ప్రకటించారు. సామాన్య రోగికి ఆ మందు ఇంకా అందనేలేదు. చాలీచాలని మోతాదు వాడితే క్రిమి మందుకు అలవాటు పడుతుందని ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ప్రసంగంలో హెచ్చరించాడు.

అదే ఏడు లెడర్లీ కంపెనీలో డగ్గర్ ఆరియోమైసిన్ కనుగొన్నాడు. ఆ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మందు 1948లో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులోనే ఆయన పోయాడు. రెండేళ్ళు తిరక్కుండానే అదే కంపెనీలో స్టాక్‌స్టాడ్, జూక్స్ అనేవారు, ఆ మందు తీయగా మిగిలిన మడ్డి దాణాలో కలిపితే కోళ్ళు త్వరగా పెరుగుతాయని కనిపెట్టారు. ఇంకేం, వర్తకానికి దారి దొరికింది. రోగం లేని కోడికి రోజూ కొద్దికొద్దిగా మందు! ఫ్లెమింగ్ ఏది వద్దన్నాడో సరిగ్గా అదే. సుబ్బారావు పేరు చెప్పి గర్వించే మనం ఈ సగం కథ చెప్పుకోం.

కొలిస్టిన్ మాటకొస్తే, మూత్రపిండాలను చెరుస్తుందని డాక్టర్లు 1970లలో మూలపెట్టిన మందు. వేరే గతిలేక మళ్ళీ తీశారు. మనిషికి అది ఆఖరి మందైన రోజుల్లోనే మన దేశంలో కోళ్ళకూ మేపారు. ప్రభుత్వం 2019లో గాని నిషేధించలేదు.

ఇక పటాన్‌చెరు. అక్కడ సుమారు తొంభై మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధిచేసి వదిలిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మందు మింగిన రోగి నెత్తుటిలో కూడా అంత ఉండదు. ఆ నీటికీ మా పెదనాన్నగారి మంచానికీ సూటి సంబంధముందని నేననను. నా దగ్గర రుజువు లేదు. కాని ఆ తర్వాత మూడేళ్ళకు, ఒక మొండి ఎంజైముకు పాశ్చాత్యులు న్యూఢిల్లీ పేరు పెట్టారని దేశమంతా మండిపడింది. పేరు మీద వచ్చినంత కోపం నీటి మీద రాలేదు.

ఆ పదిహేడు రోజులూ అద్దంలోంచి చూశాను. కోపెన్‌హాగెన్‌లో ఒక్కో రోగి పక్కనా ఒక విద్యార్థి కూచున్నాడు. ఇక్కడ నాలుగు మంచాలకు ఒక నర్సు. ఒక మంచం దగ్గర గంట మోగితే మరో మంచం వదిలి పరుగెత్తేది. మధ్యలో చేతులు కడుక్కోడానికి ఆ అమ్మాయికి తీరికేదీ? బిల్లులో మందులకు పదకొండు పేజీలున్నాయి. నర్సుకు ఒక వరస.