మూడు మిల్లీలీటర్ల చట్టం

నడుము పట్టేసిందని ఆసుపత్రికి వెళ్తే వేసే నొప్పి సూదిమందుల్లో డైక్లోఫెనాక్ ఒకటి. చిటికెన వేలంత గాజు యాంప్యూల్‌లో వస్తుంది. నర్సు దాని మెడ టక్కున విరిచి, మందు సిరంజిలోకి లాగి, ఖాళీ గాజును డబ్బాలో పడేస్తుంది. అందులో ఉండేది 3 మిల్లీలీటర్లు, అంటే 75 మిల్లీగ్రాముల మందు. ఒక మనిషికి ఒకసారికి సరిపడేంత. పదేళ్ళ కిందటి దాకా ఇదే మందు 30 మిల్లీలీటర్ల సీసాల్లోనూ అమ్మేవారు. రబ్బరు మూతలోంచి సూది గుచ్చి కావలసినప్పుడల్లా తీసుకోవచ్చు. ఆ పెద్ద సీసా మందుల షాపుల్లోంచి ఎందుకు మాయమైందో దుకాణదారుకు కూడా తెలియకపోవచ్చు. దాన్ని తీయించింది ఒక పక్షి. రాబందు.

మన పత్రికల్లో రాబందు అంటే తిట్టు. శవాల మీద పేలాలు ఏరుకునేవాళ్ళనీ, పేదల భూములు మింగేవాళ్ళనీ రాబందులంటాం. అసలు రాబందు మాత్రం ఎవరి సొత్తూ ముట్టదు. చచ్చిన గొడ్డును ఊరి బయట పడేస్తే గంటల్లో ఎముకలు మిగిల్చి వెళ్తుంది. జీతం అడగని పారిశుద్ధ్య సిబ్బంది. 1980ల దాకా మన దేశంలో ఇవి కోట్ల సంఖ్యలో ఉండేవని అంచనా. ఊరూరా ఉండే పక్షి గనుక, లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు.

లెక్కపెట్టినవాడు ఒకడున్నాడు. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ దగ్గర కేవలాదేవ్ పార్కులో 1980ల చివర ఆయన తెల్లవీపు రాబందుల గూళ్ళు లెక్క రాసుకున్నారు. 353 జతలు. దాదాపు పదేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్తే సగం కూడా లేవు. ఉన్నవి కూడా కొమ్మల మీద మెడ వేలాడేసి, నిద్రపోతున్నట్టు రోజుల తరబడి కూర్చుని, ఒకనాడు కింద రాలిపడుతున్నాయి. తర్వాత కొన్నేళ్ళకు ఆ గూళ్ళు పూర్తిగా ఖాళీ అయ్యాయి. దేశమంతా రోడ్ల వెంట సర్వే చేస్తే అన్నిచోట్లా అదే కథ. 1992 నుంచి 2007 లోపు తెల్లవీపు రాబందులు వెయ్యికి ఒకటి మిగిలాయి. పొడుగుముక్కు, సన్నముక్కు రాబందులు నూటికి మూడో నాలుగో మిగిలాయి.

ఏదో వైరస్ అనుకున్నారు మొదట. పురుగుమందులేమోనని చూశారు, భారలోహాలేమోనని చూశారు. ఏదీ తేలలేదు. చచ్చిన పక్షిని కోసి చూస్తే మాత్రం ఒకే దృశ్యం. గుండె, కాలేయం, మూత్రపిండాల మీద సుద్దపొడి చల్లినట్టు తెల్లటి పూత. పక్షులు మనలా యూరియాను కాక, యూరిక్ యాసిడ్‌ను విసర్జిస్తాయి. మూత్రపిండాలు పనిచేయకపోతే అది రక్తంలో పేరుకుని అవయవాల మీద స్ఫటికాలు కడుతుంది. అంటే ఏదో ఒకటి మూత్రపిండాలను దెబ్బతీస్తోంది. ఆ ఏదో ఏమిటి?

జవాబు పాకిస్తాన్ పంజాబ్‌లో దొరికింది. అమెరికాకు చెందిన పశువైద్య శాస్త్రవేత్త లిండ్సే ఓక్స్, పెరిగ్రిన్ ఫండ్ అనే పక్షి సంరక్షణ సంస్థ బృందంతో కలిసి అక్కడ పనిచేస్తున్నాడు. ప్రయోగశాలలో దారి మూసుకుపోయాక ఆ బృందం పశువైద్యుల దగ్గరికీ, పశువుల మందులు అమ్మే దుకాణాలకీ వెళ్ళింది. వాళ్ళు వెతికింది మూడు లక్షణాలున్న మందును. మూత్రపిండాలకు చెడు చేసేది, తిన్నా ఒంటికి పట్టేది, పశువైద్యంలోకి కొత్తగా వచ్చినది. ఈ మూడూ కలిసిన పేరు ఒక్కటే వచ్చింది. డైక్లోఫెనాక్. సుద్దపూత కనిపించిన 25 రాబందులనూ పరీక్షిస్తే అన్నిటిలోనూ ఆ మందు అవశేషాలున్నాయి. పూత లేని 13 పక్షుల్లో ఒక్కదానిలోనూ లేవు. ఈ ఫలితాలు 2004 జనవరిలో నేచర్ పత్రికలో వచ్చాయి.

మనుషులకు నొప్పి తగ్గించే ఈ మందు 1990ల మొదట్లో చవకై పశువులకూ చేరింది. కుంటుతున్న ఎద్దుకు, పొదుగు వాచిన గేదెకు ఒక సూది వేస్తే చాలు, పూటలో తేరుకునేది. కొన్ని పశువులు సూది వేసిన రెండు మూడు రోజుల్లో వేరే జబ్బుతో చనిపోయేవి. వాటి మాంసంలో మందు మిగిలి ఉండేది. ఒక కళేబరం మీద వందల రాబందులు వాలతాయి. వంద కళేబరాల్లో ఒక్కదానికన్నా తక్కువలో ఈ మందున్నా జాతి మొత్తం తుడిచిపెట్టుకుపోతుందని లెక్కలు తేల్చాయి. నిజంగా మన దేశంలో కళేబరాల కాలేయాలు పరీక్షిస్తే, నూటికి పది దాకా మందు ఉన్నవే.

దోషి దొరికాడు సరే, పట్టుకోవడం ఏ చట్టంతో? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మనకుంది. అందులో రాబందులు మొదటి షెడ్యూల్లో, అంటే పులితో పాటు ఉన్నాయి. 'వేట' అన్న మాటకు ఆ చట్టమిచ్చిన నిర్వచనంలో విషం పెట్టడం కూడా ఉంది. కానీ ఇక్కడ వేటగాడు ఎవరు? నొప్పితో మూలుగుతున్న ఆవుకు సూది వేయించిన రైతా? వేసిన డాక్టరా? ఎవరి మనసులోనూ పక్షి లేదు. అడవిలో గార్డులను పెంచినా, తుపాకులు జప్తు చేసినా ఒక్క రాబందూ బతకదు. వన్యప్రాణి చట్టం చేయి అక్కడి దాకా చాచలేదు.

చేయగలిగిన చట్టం వేరే బీరువాలో ఉంది. 1940 నాటి ఔషధాలు, సౌందర్య సాధనాల చట్టం. దాని 26ఎ సెక్షన్ ప్రకారం ఏదైనా మందు మనుషులకు గానీ జంతువులకు గానీ ప్రమాదమని తోస్తే, ప్రజాప్రయోజనం కోసం కేంద్రం దాని తయారీని, అమ్మకాన్ని ఆపేయవచ్చు. అయితే ఆ అధికారం పర్యావరణ శాఖది కాదు, ఆరోగ్య శాఖది. రాబందు గోడు వినాల్సింది ఔషధాల కార్యాలయం.

2005 మార్చిలో ప్రధాని మన్మోహన్ సింగ్ అధ్యక్షతన జరిగిన జాతీయ వన్యప్రాణి బోర్డు సమావేశం పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను ఆరు నెలల్లో ఆపాలని నిర్ణయించింది. వద్దనడం తేలిక. మరి రైతుకు ఏమివ్వాలి? బదులు మందు చూపించకపోతే ఆ నిషేధం కాగితం మీదే ఉండిపోతుంది. అందుకని మొదట దక్షిణాఫ్రికాలో, ఆ తర్వాత మన దేశంలో, రాబందులకు మెలాక్సికామ్ అనే మందు ఇచ్చి చూశారు. పక్షులు నిక్షేపంగా ఉన్నాయి. పశువులకు కూడా బాగానే పనిచేస్తోంది. ఆ ఫలితాలు 2006 జనవరిలో ప్రచురితమయ్యాయి. అదే ఏడాది మే నెలలో, పశువుల డైక్లోఫెనాక్ తయారీ లైసెన్సులు వెనక్కి తీసుకోవాలని ఔషధ నియంత్రణ సంస్థ రాష్ట్రాలను ఆదేశించింది. నేపాల్, పాకిస్తాన్ కూడా ఆ ఏడే నిషేధించాయి. 2008లో మన గెజెట్‌లో నిషేధం అచ్చయింది.

కథ అక్కడ ముగియాలి. ముగియలేదు.

2008 నాటికి మళ్ళీ కళేబరాలు పరీక్షిస్తే మందు ఉన్నవి నూటికి పది నుంచి ఆరుకు దగ్గరగా తగ్గాయి. తగ్గాల్సింది ఒకటి లోపుకు. మిగతాది ఎక్కణ్ణుంచి వస్తోంది? మనుషుల మందుల షాపు నుంచి. నిషేధం పశువుల మందుకే గనుక మనుషుల పేరిట తయారైన 30 మిల్లీలీటర్ల సీసా ధారాళంగా దొరికేది. పశువులకు వాడరాదని లేబుల్ మీద రాసినా, దొడ్లో గేదె మూలుగుతుంటే లేబుల్ ఎవరు చదువుతారు?

ఇక్కడే విధాన రూపకర్తలు తెలివైన పని చేశారు. మందును మనుషులకు దూరం చేయలేరు. పల్లె పల్లెకూ పోలీసును పంపలేరు. అందుకని సీసానే కోసేశారు. 2015 జులైలో వచ్చిన నోటిఫికేషన్ ప్రకారం మనుషుల డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ ఒక మోతాదు పట్టే ప్యాకులోనే అమ్మాలి. పెద్ద సీసాలో ఉన్నంత మందు కావాలంటే ఇప్పుడు పది యాంప్యూళ్ళు కొని, పది మెడలు విరవాలి. పక్కనే మెలాక్సికామ్ పెద్ద సీసాలో ఉండగా ఆ యాతన ఎవరు పడతారు? కంపెనీలు మద్రాసు హైకోర్టుకు వెళ్ళాయి. 2017లో కోర్టు వాటి పిటిషన్లు కొట్టేసి ఆ చిన్న సీసాను నిలబెట్టింది.

ఆ తర్వాత తీగ లాగితే డొంకంతా కదిలింది. ఎసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రోఫెన్ కూడా రాబందులను చంపుతుంది. ఈ రెండిటినీ 2023 జులైలో పశువైద్యంలో నిషేధించారు. నిమెసులైడ్‌ను 2024 డిసెంబరులో ఆపారు. మొదటి నిషేధానికీ దీనికీ మధ్య 18 ఏళ్ళు. ఒక్కో మందుకు విడిగా సాక్ష్యం, విడిగా ఫైలు, విడిగా పోరాటం. కొత్త నొప్పిమందు పశువుల మార్కెట్లోకి రాకముందే రాబందుల మీద పరీక్షించాలన్న నియమం ఉంటే ఇన్నేళ్ళు పట్టేది కాదు.

ఆలస్యానికి మూల్యం పక్షులు మాత్రమే చెల్లించలేదు. కళేబరాలు కుళ్ళి నీళ్ళలో కలిశాయి. వాటిని తిని ఊరకుక్కలు పెరిగాయి. రోగాలు మనుషుల దాకా వచ్చాయి. రాబందులు మాయమైన జిల్లాల్లో 2000 నుంచి 2005 వరకు సుమారు 5 లక్షల మంది అదనంగా చనిపోయి ఉంటారని ఆర్థికవేత్తలు ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ 2024లో అంచనా కట్టారు.

రాబందు ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. పిల్ల గూడు కట్టే వయసుకు రావడానికి అయిదేళ్ళు. అందుకే కోలుకోవడం నత్తనడక. హర్యానాలోని పింజోర్‌లో జటాయువు పేరు పెట్టుకున్న కేంద్రం వాటిని పెంచి, 2020లో ఎనిమిదింటిని ఆకాశంలోకి వదిలింది. మనవైపు, ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట కొండచరియ మీద 2013లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు కట్టుకుని కనిపించాయి. ఆ గుట్ట చుట్టుపక్కల ఊళ్ళ గొడ్లే వాటి కూడు. అలాంటి చోట్ల దొడ్లలో ఏ సూది పడుతుందో దాని మీదే రాబందుల ప్రాణం ఆధారపడి ఉంది.

కాబట్టి పాడి ఉన్నవాళ్ళకు ఒక మాట. మీ గేదెకు జ్వరమో వాపో వచ్చి డాక్టరు సూది తీసినప్పుడు సీసా మీద పేరు చూడండి. మెలాక్సికామ్ అయితే వేయించండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, కీటోప్రోఫెన్, నిమెసులైడ్ అని ఉంటే వద్దనండి. అవి పశువులకు వాడకూడదని చట్టమే చెప్పింది.