ఆరోగ్యవరం విశ్రాంతి వైద్యం, కండరం రహస్యం

మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా సాగే మెట్టనేల చాలాచోట్ల సముద్రమట్టానికి రెండు వేల అడుగులకు పైన ఉంటుంది. పొడిగాలి క్షయరోగులకు మేలు చేస్తుందని వైద్యలోకం నమ్మిన రోజుల్లో, డెన్మార్కు వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో పలు క్రైస్తవ మిషన్లు కలిసి మదనపల్లె చెంత ఆరోగ్యవరంలో 1915లో క్షయ శానిటోరియాన్ని నెలకొల్పాయి.

మందు లేని ఆ కాలంలో శానిటోరియం వైద్యమంతా విశ్రాంతే. రోగితోపాటు పుండుపడిన ఊపిరితిత్తి కూడా కదలకూడదని భావించి, ఛాతీలోకి గాలి ఎక్కించి దాన్ని ముడుచుకునేలా చేసేవారు. రొమ్మునూ పొట్టనూ వేరుచేసే ఉదరవితానమనే కండరానికి ఆజ్ఞలు మోసే ఫ్రెనిక్ నాడిని మెడ దగ్గర నలిపే పద్ధతి కూడా నాటి శానిటోరియాలలో వాడుకలో ఉండేది. అప్పుడు ఆ వైపు కండరం సడలి పైకి లేచి, కొన్ని నెలలపాటు ఊపిరితిత్తిని కుదించేది.

ఆ సడలింపు అణుస్థాయిలో ఏమిటో నాటి వైద్యులకు తెలియదు. నాడి ఆజ్ఞ అందగానే కండరకణంలోని సంచుల నుంచి కాల్షియం వెలువడి, ఆక్టిన్ అనే సన్నని తంతువుపై కాపలాగా ఉన్న ప్రోటీన్లను పక్కకు జరుపుతుంది. అప్పుడు మయోసిన్ అనే మందపాటి తంతువు తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి. తంతువుల పొడవు మారకుండానే అవి ఒకదానిలోకి ఒకటి జారడమే సంకోచమని 1954లో రెండు పరిశోధక బృందాలు వేర్వేరుగా చాటాయి. ఆజ్ఞ ఆగితే కాల్షియం తిరిగి సంచులలోకి చేరి, పట్టు వదులుతుంది. ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటుంది: పట్టు విడవడానికీ, కాల్షియాన్ని వెనక్కి తోడడానికీ ఏటీపీ అనే శక్తి అణువే కావాలి, అది అందకనే చనిపోయిన శరీరం బిగుసుకుపోతుంది.

ఆ ఏటీపీని 1929లో జర్మనీలో లోమాన్, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా వెలికితీశారు. అంతకు రెండేళ్ల ముందు ఫిస్కే, సుబ్బారావు కండరంలో ఏటీపీని వెంటనే తిరిగి నింపే ఫాస్ఫోక్రియాటిన్‌ను కనుగొని, కండరానికి లాక్టిక్ ఆమ్లమే ఆధారమన్న సిద్ధాంతాన్ని కదిలించారు. తెలుగునాట ఈ పరిశోధనకు రావలసినంత పేరు నేటికీ రాలేదు.

క్షయకు మందులు వచ్చాక శానిటోరియాలలో ఫ్రెనిక్ నాడిని నలపడం ఆగిపోయింది. ఇంటివద్ద మందు తీసుకున్నవారూ శానిటోరియంలో ఉన్నవారూ దాదాపు సమానంగానే కోలుకున్నారని మద్రాసులో జరిగిన అధ్యయనం 1959లో తేల్చింది.