కచేరీ విన్న తరవాత పాత రికార్డు



ఒక పాటను రికార్డు మీద ఎన్నోసార్లు విన్న మనిషి, అదే పాటను కచేరీలో విని ఇంటికి వచ్చి, మళ్లీ ఆ రికార్డే పెట్టుకుంటే ఏమవుతుంది? రికార్డులో ఏమీ మారదు. అదే గొంతు, అవే వాయిద్యాలు, అంతే నిడివి. కాని వినే చెవి మారిపోతుంది. నిన్నటిదాకా పట్టించుకోని చోట ఆగుతాం. నిన్నటిదాకా గొప్పగా తోచిన చోట కొంచెం వెలితి కనిపిస్తుంది.

ఇది మనకు తెలియని సంగతి కాదు. పాత గ్రామఫోను రికార్డు ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే తిరిగేది. నాటకంలోని పద్యం ఆ మూడు నిమిషాల్లో ఒదగాలి. స్టేజి మీద అదే పద్యానికి నటుడు రాగం తీసి తీసి పాడితే, జనం 'ఒన్స్ మోర్' అని కేకలు వేస్తే, రెండోసారి ఇంకో రకంగా పాడేవాడు. అది విన్నవాళ్లకు ఇంట్లో ఉన్న రికార్డు ఆ పద్యానికి ఒక గుర్తుగా మాత్రమే మిగిలేది. కర్ణాటక సంగీతంలోనూ అంతే. ఐదు నిమిషాల కీర్తన ఆలాపన, నెరవు, స్వరకల్పన కలిసేసరికి అరగంట అవుతుంది.

ఇదే విషయం పాశ్చాత్య దేశాల రాక్ సంగీతంలో ఎలా జరిగిందో, ఒక ఆల్బమ్ చరిత్ర ద్వారా ఈ ప్రసంగంలో చూద్దాం. ఆ ఆల్బమ్ పేరు 'మెషిన్ హెడ్'. గిటారు తంతులు బిగించే మరలను ఇంగ్లీషులో అలా అంటారు. మన వీణకు బిరడలు ఎలాగో గిటారుకు అవి అలాగ. దాన్ని తయారు చేసింది ఇంగ్లండుకు చెందిన 'డీప్ పర్పుల్' అనే బృందం.

ఈ బృందం 1968లో ఏర్పడింది. 1969లో కొందరు మారి, లోకానికి బాగా తెలిసిన ఐదుగురి జట్టు కుదిరింది. గాయకుడు ఇయన్ గిల్లన్, గిటారు రిచీ బ్లాక్‌మోర్, ఆర్గన్ జాన్ లార్డ్, బాసు గిటారు రోజర్ గ్లోవర్, డ్రమ్ములు ఇయన్ పేస్. స్టేజి మీద వీళ్లది మంచి దూకుడు. అయితే స్టూడియో గదిలో కూర్చుని రికార్డు చేస్తే ఆ ఊపు తగ్గిపోతున్నదని వాళ్లకే అనిపించేది. అందుకని 1971 చివర ఒక ఆలోచన చేశారు. స్టూడియో మానేసి, కచేరీలు జరిగే హాలులోనే ఆల్బమ్ రికార్డు చేద్దామనుకున్నారు. స్విట్జర్లాండులో జెనీవా సరస్సు ఒడ్డున మాంత్రో అనే ఊరుంది. అక్కడి కాసినో హాలు మాట్లాడుకున్నారు. 'రోలింగ్ స్టోన్స్' బృందానికి లారీలో అమర్చిన సంచార స్టూడియో ఉండేది. దాన్ని అద్దెకు తెచ్చుకున్నారు.

వాళ్ల పని మొదలయ్యే ముందు, 1971 డిసెంబరు 4న, ఆ హాలులో ఫ్రాంక్ జప్పా అనే అమెరికా సంగీతకారుడి కచేరీ జరిగింది. ప్రేక్షకుల్లో ఎవరో మంట చిమ్మే తుపాకీ పైకప్పు మీదికి పేల్చారు. నిప్పంటుకుంది. హాలు మొత్తం కాలిపోయింది. ప్రాణనష్టం మాత్రం జరగలేదు. మాంత్రో జాజ్ సంగీతోత్సవాన్ని స్థాపించిన క్లాడ్ నోబ్స్ లోపల చిక్కుకున్న పిల్లలను బయటికి చేర్చడంలో సాయపడ్డాడు. ఆ పొగ సరస్సు నీటి మీద పరుచుకోవడం డీప్ పర్పుల్ వాళ్లు కళ్లారా చూశారు. 'స్మోక్ ఆన్ ది వాటర్', అంటే 'నీటి మీద పొగ', అనే పేరు కొద్దిరోజుల తరవాత నిద్ర లేస్తూ గ్లోవర్‌కు తట్టింది. పాట ఆ ప్రమాదం కథే.

హాలు పోయాక మొదట వేరే థియేటరులో ప్రయత్నించారు. రాత్రిపూట మోతకు చుట్టుపక్కల జనం ఫిర్యాదు చేస్తే పోలీసులు వచ్చారు. చివరికి చలికాలానికి మూసేసిన గ్రాండ్ హోటల్‌లో చోటు దొరికింది. నడవాలో పరుపులు అడ్డం పెట్టి ప్రతిధ్వని అణచి, అక్కడే వాయించారు. ఆ నెలలోనే పని ముగిసింది. మార్టిన్ బర్చ్ అనే ఇంజనీరు రికార్డు చేశాడు. మొత్తం ఏడు పాటలు, సుమారు 37 నిమిషాలు.

1972 మార్చిలో 'మెషిన్ హెడ్' విడుదలైంది. ఇంగ్లండులో అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంటే అది పరాజయం పొందిన రికార్డు కాదు. కాని ఒక విషయం గమనించండి. విడిగా చిన్న రికార్డుగా వేయడానికి అప్పుడు ఎంచుకున్న పాట 'నెవర్ బిఫోర్'. ఇప్పుడు గిటారు పట్టిన ప్రతి కుర్రవాడూ మొదట నేర్చుకునే 'స్మోక్ ఆన్ ది వాటర్'ను విడిగా తీయాలని అప్పుడు ఎవరికీ తోచలేదు. అది రెండో వైపు మొదటి పాటగా ఊరికే ఉండిపోయింది.

దాని రాత మార్చినవి జపాన్ కచేరీలు. 1972 ఆగస్టు 15, 16 తేదీల్లో ఒసాకాలో, 17న టోక్యోలోని బుడోకాన్‌లో డీప్ పర్పుల్ వాయించింది. కచేరీలను రికార్డుగా తేవాలని కోరింది జపాన్ కంపెనీ. బృందానికి అంత ఆసక్తి లేదు. తమ ఇంజనీరు మార్టిన్ బర్చే రికార్డు చేయాలని షరతు పెట్టి ఒప్పుకున్నారు. తరవాత ఆ టేపులను సరిచూసే పనికి ఐదుగురిలో ఇద్దరే, గ్లోవర్, పేస్ మాత్రమే వెళ్లారు. దానిని వాళ్లెంత తేలికగా తీసుకున్నారో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ రికార్డే 'మేడ్ ఇన్ జపాన్'. 1972 డిసెంబరులో ఇంగ్లండులో, 1973లో అమెరికాలో వచ్చింది. రెండు ఎల్.పి.ల మీద ఏడు పాటలు. అందులో నాలుగు 'మెషిన్ హెడ్' పాటలే: 'హైవే స్టార్', 'స్మోక్ ఆన్ ది వాటర్', 'లేజీ', 'స్పేస్ ట్రకిన్'. స్టూడియోలో 'లేజీ' ఏడు నిమిషాల పైచిలుకు. జపాన్‌లో పది దాటింది. 'స్పేస్ ట్రకిన్' స్టూడియోలో నాలుగున్నర నిమిషాలు. జపాన్‌లో ఇరవై నిమిషాలకు దగ్గర పడింది. ఒక ఎల్.పి.లో ఒక వైపంతా ఆ పాటే. ఇది సాగదీయడం కాదు. మన గాయకుడు పల్లవి పట్టుకుని స్వరాలు వేసినట్టు, ఆర్గన్, గిటారు, డ్రమ్ము ఒకదాని తరవాత ఒకటి ఆ పాటలోంచే కొత్త దారులు తీశాయి. స్టూడియో రికార్డులో ఉన్నది కీర్తన మాత్రమే అనీ, దానిలో ఇంత మనోధర్మానికి చోటుందనీ అభిమానులకు అప్పుడు తెలిసింది.

ఇక్కడే చరిత్రలో ఒక మంచి మలుపు. 1973 మేలో అమెరికాలో 'స్మోక్ ఆన్ ది వాటర్'ను చిన్న రికార్డుగా వేశారు. ఒక వైపు మాంత్రో హోటల్‌లో చేసిన పాట. రెండో వైపు జపాన్ కచేరీ పాట. అంటే కొన్నవాడు రికార్డు తిప్పి వేస్తే చాలు, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. ఆ వేసవిలో అది అమెరికా పట్టికలో నాలుగో స్థానానికి వెళ్లింది. దాని వెంట, ఏడాది దాటిన పాత 'మెషిన్ హెడ్' ఆల్బమ్ మళ్లీ పైకి ఎక్కి ఏడో స్థానం చేరింది. కచేరీ విన్న జనం పాత రికార్డును వెతుక్కుంటూ వెళ్లారన్నమాట. ఇంతలోనే బృందం విడిపోవడం మొదలైంది. గిల్లన్ 1973 జూన్ 29న చివరి కచేరీ చేసి వెళ్లిపోయాడు. అది కూడా ఒసాకాలోనే.

మరి కచేరీ విని వెనక్కి వెళ్లినవాళ్లకు పాత రికార్డు చిన్నబోయిందా? కొందరికి అలాగే అనిపించింది. స్టేజి మీది వేగం తరవాత స్టూడియో పాట నిదానంగా తోస్తుంది. కాని శ్రద్ధగా వింటే రెండో సంగతి కూడా బోధపడుతుంది. స్టూడియో 'హైవే స్టార్'లో బ్లాక్‌మోర్ గిటారు వరసను ఒకదాని మీద ఒకటిగా రెండుసార్లు వాయించి కలిపాడు. కొన్ని చోట్ల రెండు గిటార్లు జంటగా పలుకుతాయి. స్టేజి మీద ఉన్నది ఒక్క మనిషి, రెండు చేతులు. ఆ జంట పలుకు కచేరీలో రాదు. రానప్పుడే దాని విలువ తెలుస్తుంది. అలాగే 'స్మోక్ ఆన్ ది వాటర్' స్టూడియో పాటలో మొదట గిటారు ఒక్కటే పలుకుతుంది. తరవాత తాళం, ఆర్గన్ చేరతాయి. ఆఖరున బాసు వచ్చి కలుస్తుంది. ఇటుక మీద ఇటుక పేర్చిన ఈ కట్టడం, కచేరీ హోరు విన్న తరవాత ప్రశాంతంగా వింటే ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. కచేరీ పాత రికార్డును కొట్టిపారేయలేదు. దానిలో ఏముందో వేలుపెట్టి చూపింది.

అయితే దీనికి మరో వైపు ఉంది. స్టేజి ఎక్కని పాటల గతేమిటి? ఏడింటిలో నాలుగు జపాన్ రికార్డుకు ఎక్కాయి. మిగిలిన 'మేబీ అయామ్ ఎ లియో', 'పిక్చర్స్ ఆఫ్ హోమ్', 'నెవర్ బిఫోర్' చాలామందికి మొదటి వైపు మీద ఉన్న మామూలు పాటలుగానే మిగిలాయి. ముఖ్యంగా 'నెవర్ బిఫోర్' కథ చూడండి. కంపెనీ ముందు నమ్ముకున్నది దాన్నే. ఇప్పుడు తలుచుకునేవాళ్లు తక్కువ.

1993లో బ్లాక్‌మోర్ బృందం విడిచాడు. తరవాతి ఏడాది స్టీవ్ మోర్స్ అనే అమెరికా గిటారు వాద్యకారుడు చేరాడు. కచేరీ పట్టిక మారింది. 1996లో పారిస్‌లోని ఒలింపియా హాలులో రికార్డయిన కచేరీలో 'మేబీ అయామ్ ఎ లియో', 'పిక్చర్స్ ఆఫ్ హోమ్' రెండూ ఉన్నాయి. పాతికేళ్ల కిందటి పాటలు కొత్తవాటిలా వినిపించాయి. ఇంకొక పాట సంగతి మరీ విచిత్రం. 'వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్' మాంత్రోలో రికార్డు చేసినదే. కాని బ్లాక్‌మోర్‌కు నచ్చక ఆల్బమ్‌లో చేరలేదు. 'నెవర్ బిఫోర్' చిన్న రికార్డుకు రెండో వైపున పడి ఉంది. ఆయన వెళ్లాక గిల్లన్ దాన్ని కచేరీల్లో తరచు పాడసాగాడు. 1997లో 'మెషిన్ హెడ్' పాతికేళ్ల సంచిక వేసినప్పుడు ఆ పాట కూడా అందులోకి వచ్చింది. వెలివేసిన పాటను కచేరీయే ఇంటికి తెచ్చిందన్నమాట.

మన దేశంతో వీరికున్న లంకె కూడా చెప్పుకోవాలి. 1970లో వచ్చిన 'ఇన్ రాక్' ఆల్బమ్‌లో 'చైల్డ్ ఇన్ టైమ్' అనే పాట ఉంది. దాని ఎత్తుగడ 'బాంబే కాలింగ్' అనే వాద్య రచన నుంచి తీసుకున్నది. అది శాన్‌ఫ్రాన్సిస్కో బృందం 'ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే' 1969లో వెలువరించినది. ఆ తరవాత పాతికేళ్లకు, 1995 ఏప్రిల్‌లో, డీప్ పర్పుల్ నిజంగానే బొంబాయి వచ్చి కచేరీ చేసింది. ఆ కచేరీ వీడియోకు పెట్టిన పేరు కూడా 'బాంబే కాలింగ్'. 2001లో బెంగళూరుకూ వచ్చారు. హోసూరు, కోలారు, అనంతపురం వైపు వారికి అది బస్సెక్కితే చేరే దూరమే. అప్పటిదాకా క్యాసెట్లలో మాత్రమే విన్న పాటలను మన దేశపు అభిమానులు ఎదురుగా నిలబడి విన్నారు.

జాన్ లార్డ్ 2012లో కన్నుమూశాడు. 2024లో 'మెషిన్ హెడ్'ను పాత టేపుల నుంచి కొత్తగా కలిపి మళ్లీ విడుదల చేశారు. ఆ పని చేసినవాడు డ్వీజిల్ జప్పా. 1971లో ఎవరి కచేరీలో నిప్పంటుకుందో ఆ ఫ్రాంక్ జప్పా కొడుకు.

ఈ కథలో సరిహద్దు జిల్లాల్లో ఉన్న మనం తీసుకోవలసిన మాట ఒకటుంది. రికార్డు పాటను భద్రపరుస్తుంది. కాని పాటను బతికించేది పాడే మనిషి. ఏడు పాటల్లో స్టేజి ఎక్కినవి లోకం నోట నిలిచాయి. ఎక్కనివి, ఎవరో మళ్లీ పాడేదాకా, రికార్డు గాడుల్లో నిద్రపోయాయి. బళ్లారిలోనో, హోసూరులోనో, రాయగడలోనో తరతరాలుగా ఉంటున్న మన ఇళ్లలో కూడా ఇలా నిద్రపోతున్న పాటలు ఎన్నో ఉన్నాయి. పెళ్లిపాటలు, కోలాటం పాటలు, పద్యాలు, తత్వాలు. చాలావాటిని టేపుల మీదికి ఎక్కించాం, పోవని ధీమాగా ఉన్నాం. కాని పిల్లలు వాటిని ఒక్కసారైనా పక్కన కూర్చుని పాడగా వినకపోతే, ఆ టేపు వేసినా వాళ్లకు అందులో ఏమీ వినిపించదు. ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒక పాట పాడించండి. ఆ తరవాత ఆ టేపు పెట్టి చూడండి. పిల్లలు ఆగి వింటారు.