హార్ట్ బ్యూట్ నుంచి సైనిక శిబిరానికి

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ఆదివాసుల మాట వస్తే అందరూ నవాహో యువకుల గురించే చెబుతారు. 1942లో మెరైన్ దళంలో చేరిన 29 మంది నవాహోలు తమ భాషతో రహస్య సంకేతాలు తయారు చేశారు. జపాన్ సైన్యం వాటిని విప్పలేకపోయింది. బడిలో మాట్లాడితే దెబ్బలు పడిన భాష యుద్ధానికి పనికొచ్చింది. ఆ కథ మన పిల్లలకు చెప్పవలసిందే. అయితే ఆ మరుసటి సంవత్సరమే అదే దళంలో చేరిన ఒక ఆదివాసీ అమ్మాయి గురించి కూడా చెప్పాలని మేము ఈ వ్యాసం రాస్తున్నాం. ఆమె పేరు మిన్నీ స్పాటెడ్ వుల్ఫ్. అమెరికా మెరైన్ దళపు మహిళా విభాగంలో చేరిన మొదటి ఆదివాసీ స్త్రీ ఆమె.

మిన్నీది బ్లాక్‌ఫీట్ తెగ. కెనడా సరిహద్దుకు దగ్గరగా, మోంటానా రాష్ట్రంలో, రాకీ పర్వతాల పాదాల దగ్గర వాళ్ల రిజర్వేషన్ ఉంది. అందులో హార్ట్ బ్యూట్ అనే చిన్న ఊరు ఆమెది. 1923లో పుట్టింది. అప్పటికి అమెరికా ఆదివాసులందరికీ ఆ దేశ పౌరసత్వం లేదు. ఆ చట్టం వచ్చింది 1924 జూన్ 2న. మన మన్యంలో అల్లూరి సీతారామరాజును కాల్చి చంపి అప్పటికి నెల కూడా కాలేదు. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు, కాని తేదీలు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ కాలంలో కొండల్లో బతికేవాళ్లను ప్రభుత్వాలు ఎక్కడెక్కడ ఎలా చూశాయో కొంత తెలుస్తుంది. పౌరసత్వం ఇచ్చాక కూడా అరిజోనా, న్యూమెక్సికో రాష్ట్రాల్లో ఆదివాసులకు ఓటు రావడానికి 1948 దాకా పట్టింది.

బ్లాక్‌ఫీట్ వాళ్లకు అమెరికా సైన్యం అంటే ఏమిటో ఇంకొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలి. 1870 జనవరి 23 తెల్లవారుజామున, ఎముకలు కొరికే చలిలో, మేజర్ బేకర్ నాయకత్వంలోని అశ్వికదళం మరియాస్ నది ఒడ్డున ఉన్న ఒక గుడారాల పల్లె మీద పడింది. ఆ పల్లె పెద్ద హెవీ రన్నర్. తాము శాంతిగా ఉంటున్నామని ప్రభుత్వం రాసిచ్చిన కాగితం అతని దగ్గర ఉంది. ఆ కాగితం చేత్తో పట్టుకుని ఎదురు వెళ్లినవాణ్ణి కాల్చేశారు. మగవాళ్లు చాలామంది వేటకు పోయారు. పల్లెలో మశూచి ఉంది. సైన్యం వేసుకున్న లెక్కలోనే చచ్చిపోయినవాళ్లు 173 మంది. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. ఆ తరవాత అడవిదున్నల మందలు అంతరించాయి. 1883-84 చలికాలంలో రేషన్ సరిగా అందక సుమారు 600 మంది ఆకలితో పోయారు. 1895లో కొండల వైపు భూమిని ప్రభుత్వం కొనుక్కుంది. అందులోనే తరవాత గ్లేసియర్ జాతీయ వనం వెలిసింది.

అలాంటి తెగలో పుట్టిన పిల్ల, అదే దేశపు సైన్యం బట్టలు తొడుక్కుంది.

ఎందుకు అని అడగకుండా ఈ కథ చెప్పలేం. ఆమె ఒక్కతే కాదు. అప్పట్లో మొత్తం మూడున్నర లక్షల లోపు జనాభా ఉన్న ఆదివాసుల నుంచి సుమారు 44 వేల మంది ఆ యుద్ధంలో పనిచేశారు. అందులో ఆడవాళ్లు సుమారు 800 మంది. దీన్ని ఉత్త దేశభక్తి అనేస్తే మరియాస్ నది మరుగున పడుతుంది. అమాయకత్వం అనేస్తే ఆ 44 వేల మందినీ తక్కువ చేసినట్టు అవుతుంది. తమ నేల మీద దాడి జరిగితే అడ్డం నిలబడడం చాలా తెగల్లో పాత ఆచారం. ఆ నేల ఇప్పుడు ఎవరి కాగితాల్లో ఉందన్నది వేరే లెక్క. దానికి తోడు రిజర్వేషన్‌లో పనులు లేవు, జీతం కావాలి. కారణాలు ఇలా కలిసే ఉంటాయని మా అభిప్రాయం. మన గూడేల్లోనూ పొద్దున్నే పోలీసు, సైన్యం ఉద్యోగాలకు పరుగు సాధన చేసే ఆడపిల్లలను అడిగితే ఒకే కారణం చెప్పరు కదా.

అమెరికా మెరైన్ దళం ఆడవాళ్లను తీసుకోవడానికి చాలా కాలం ఇష్టపడలేదు. మిగిలిన దళాలన్నీ తీసుకున్నాక, 1943 ఫిబ్రవరి 13న, అన్నిటికన్నా చివర తలుపు తీసింది. ఒక మగ మెరైన్‌ను యుద్ధానికి పంపడానికి అతని పనిని ఒక స్త్రీ చేయాలన్నది ఉద్దేశం. వయసు ఇరవై నిండాలి. నల్లజాతి స్త్రీలను ఆ యుద్ధం ముగిసేదాకా తీసుకోనే లేదు. మిన్నీ 1943 జూలైలో చేరింది.

సరిగ్గా ఆ నెలలోనే మహిళల శిక్షణను న్యూయార్క్ నుంచి నార్త్ కరోలినాలోని క్యాంప్ లెజూన్‌కు మార్చారు. మోంటానా కొండగాలి అలవాటైన మనిషికి ఆ సముద్రతీరపు ఉక్కపోత, దోమలు, ఇసుక కొత్త. డ్రిల్లు నేర్పేవాళ్లు మగ సార్జెంట్లు. ఆడవాళ్లకు నేర్పే పని పడిందని వాళ్లలో కొందరికి మంటగా ఉండేది. శిబిరంలో మగ సైనికులు ఈ అమ్మాయిలను చూసి వెకిలి పేర్లు పెట్టి పిలిచేవాళ్లు. తెల్లవారకముందే లేవడం, మంచం ముడత లేకుండా సర్దడం, వరసలో నిలబడడం, కవాతు, వ్యాయామం. తరగతుల్లో దళం చరిత్ర, సెల్యూట్ మర్యాదలు, మ్యాపు చదవడం. మోర్టార్లు, బజూకాలు, మంటలు చిమ్మే ఆయుధాలు, ఒడ్డుకు చేరే పడవలు ఎలా పనిచేస్తాయో మైదానంలో చూపించేవాళ్లు. అవి చూడడానికే, యుద్ధం చేయడానికి ఆడవాళ్లను పంపరు. ఇంకో వింత ఏమిటంటే, టోపీకి ఉన్న ఎర్ర తాడుకు సరిపోయేలా ఒక సౌందర్య సాధనాల కంపెనీ వీళ్లకోసం ప్రత్యేకంగా లిప్‌స్టిక్ రంగు తయారు చేసింది. పని మగవాళ్లలా చేయాలి, కనబడడం మాత్రం ఆడవాళ్లలా కనబడాలి.

ఈ శిక్షణ గురించి మిన్నీ తరవాత చెప్పింది చాలా తక్కువ. కష్టమే గాని మరీ అంత కష్టమేమీ కాదు అన్నట్టు తేల్చేసింది. పట్నం నుంచి వచ్చిన అమ్మాయిలు కాళ్లు బొబ్బలెక్కి ఏడ్చేచోట ఈ మాట ఎలా వచ్చిందో తెలియాలంటే ఆమె పెరిగిన ఇల్లు చూడాలి. వాళ్ల నాన్న పశువుల రాంచ్‌లో ఆమె కంచె గుంజలు నరికేది, రెండు టన్నుల లారీ నడిపేది, మచ్చిక కాని గుర్రాలను లొంగదీసేది. అలాంటి చేతులకు తుడుపుగుడ్డ, చీపురు ఏపాటి? కట్టెమోపు నెత్తిన పెట్టుకుని కొండ దిగే మన అక్కచెల్లెళ్లకు ఈ సంగతి వివరించి చెప్పనక్కర్లేదు. ఇంటి పని, అడవి పని బయటివాళ్లకు చదువులా కనబడదు, శిక్షణలా కనబడదు. సైన్యం ఆమెకు నేర్పినదాంట్లో సగం ఆమె ఒంటికి ముందే వచ్చు.

మరో సంగతి టీచర్లు గమనించాలి. 1879లో కార్లైల్ బడితో మొదలైన ఆదివాసీ బోర్డింగ్ బడుల్లో పిల్లలకు జుట్టు కత్తిరించి, యూనిఫాం తొడిగి, గంట కొడితే లేచి వరసకట్టి నడిచేలా చేసేవాళ్లు. ఆ బడిని పెట్టిన ప్రాట్ సైనికాధికారే. అక్కడ చదివిన చాలామందికి సైనిక శిబిరం కొత్తగా అనిపించలేదు. ఆశ్రమ పాఠశాలల్లో చదివినవాళ్లకు, చెబుతున్నవాళ్లకు గంట, లైను అంటే ఏమిటో తెలుసు. క్రమశిక్షణ ఎక్కడ పిల్లల్ని నిలబెడుతుందో, ఎక్కడ వాళ్ల నోరు మూయిస్తుందో వేరుచేసి చూసే పని మనదే.

శిక్షణ అయ్యాక మిన్నీని బరువు వాహనాలు నడిపే పనిలో పెట్టారు. లారీలు, భారీ యంత్రాలు. తనిఖీకి వచ్చే జనరళ్లకు జీపు కూడా నడిపింది. ప్రభుత్వం ఆమెను ప్రచారానికి బాగా వాడుకుంది. ఫొటోలు వేశారు, ఆడపిల్లల పత్రికలో ఆమె మీద బొమ్మల కథ వచ్చింది. దాని పేరు ‘ఒక చిన్న ఇండియన్’ అని అర్థం వచ్చేలా ఉంది. రెండు టన్నుల లారీ నడిపే ఇరవై ఏళ్ల మనిషి పత్రికకు చిన్నపిల్లే అయింది.

నాలుగేళ్లు పనిచేసి 1947లో ఇంటికి వచ్చింది. పెళ్లి చేసుకుంది, పిల్లల్ని కంది, కాలేజీలో చేరి టీచరు చదువు చదివింది. ఆ తరవాత 29 ఏళ్లు రిజర్వేషన్ బడుల్లో పిల్లలకు పాఠాలు చెప్పింది. సైన్యంలో నాలుగేళ్లు, బడిలో 29 ఏళ్లు. ఆమె గురించి రాసేవాళ్లు మాత్రం ఆ నాలుగేళ్ల దగ్గరే ఆగిపోతారు. 1988లో చనిపోయింది. 2019లో మోంటానా ప్రభుత్వం 89వ నంబరు హైవేలో రిజర్వేషన్ గుండా పోయే ఒక ముక్కకు ఆమె పేరు పెట్టింది. వయసు మీదపడ్డాక కూడా జీను లేని గుర్రం మీద మగవాళ్లను దాటి పోయేదని ఆమె కూతురు చెప్పింది.