బుల్లి గ్యాస్ స్టవ్ వెనక 130 ఏళ్ళ కథ: ఏది కొనాలి, ఎంతవరకు మార్చాలి?

ఇబ్రహీంపట్నం నుంచి కొండపల్లి ఖిల్లా ఎంతో దూరం లేదు. ఆదివారం వస్తే చాలు, మన కుర్రాళ్ళు బ్యాగులో నూడుల్స్ ప్యాకెట్లు, ఒక బుల్లి గ్యాస్ స్టవ్ పెట్టుకుని కొండల వైపు బయల్దేరుతున్నారు. "ఏ స్టవ్ కొనాలి? దాన్ని ఎలా మార్చుకోవచ్చు?" అనేది ప్రశ్న. దానికి జవాబు చరిత్రలో ఉంది.

అమ్మమ్మల ఇళ్ళల్లో పంపు స్టవ్ ఉండేది. కిరసనాయిలు పోసి, పంపు కొట్టి, మూసుకుపోతే పిన్ను గుచ్చి వెలిగించేవాళ్ళు. దాన్నే చాలామంది ప్రైమస్ అనేవాళ్ళు. 1892లో స్టాక్‌హోమ్‌లో లిండ్‌క్విస్ట్ అనే ఆయన తయారుచేసిన స్టవ్ పేరు అది. వత్తి తీసేసి, కిరసనాయిల్ని ఆవిరి చేసి మండించాడు. మసి పోయింది, మంట వేడి పెరిగింది.

మూడేళ్ళకే, 1895లో, నాన్సెన్ అనే నార్వే సాహసికుడు దాన్ని ఉత్తర ధ్రువం వైపు మోసుకెళ్ళాడు. ఆయన తెలివి చూడండి: స్టవ్ జోలికి పోలేదు, గిన్నెని మార్చాడు. వంట గిన్నె చుట్టూ ఇంకో గిన్నె పెట్టి, బయటికి పోయే వేడితో మంచు కరిగించాడు. ఇప్పుడు అడుగున రేకులున్న ఖరీదైన ట్రెకింగ్ గిన్నెలు చేసేదీ అదే పని, పోయే వేడిని పట్టుకోవడం.

ఇంకో కథ విషాదం. 1911-12లో అముండ్‌సెన్, స్కాట్ ఇద్దరూ దక్షిణ ధ్రువానికి వెళ్ళారు. ఇద్దరి దగ్గరా ప్రైమస్సే. అముండ్‌సెన్ కిరసనాయిలు డబ్బాలకి టంకం వేయించి మూయించాడు. స్కాట్ డబ్బాల మూతలకి తోలు వాషర్లు. దారిలో దాచిన డబ్బాల్లో నూనె తగ్గిపోయింది. తిండి, చలి, జబ్బులతో పాటు ఆ ఇంధనం కొరత కూడా వాళ్ళని దెబ్బతీసింది. స్కాట్ బృందంలో ధ్రువం చేరిన ఐదుగురూ తిరిగి రాలేదు. ఈ వాషర్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత గ్యాస్ వచ్చింది. మన దేశంలో 1955లో ముంబైలో బర్మా షెల్ ఎల్పీజీ అమ్మడం మొదలుపెట్టింది. 1965లో కోల్‌కతాలో ఇండేన్ వచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో దీపం పథకంతో పల్లెటూరి వంటింట్లోకీ చేరింది. గ్యాస్‌కి పంపు అక్కర్లేదు, డబ్బాలో ఒత్తిడి దానంతట అదే ఉంటుంది. సుఖమూ అక్కడే, ప్రమాదమూ అక్కడే.

ఇప్పుడు ఎంపిక. బ్యూటేన్ మరిగేది మైనస్ 0.5 డిగ్రీల దగ్గర, ఐసోబ్యూటేన్ సుమారు మైనస్ 12, ప్రొపేన్ మైనస్ 42. మన కృష్ణా తీరంలో మామూలు బ్యూటేన్ డబ్బా ఏడాది పొడుగునా చక్కగా మండుతుంది. హిమాలయాల్లో గడ్డకట్టే చలికి అది మొండికేస్తుంది. అక్కడ ఐసోబ్యూటేన్, ప్రొపేన్ కలిసిన డబ్బా కావాలి. 2014లో 13 ఏళ్ళ మాలావత్ పూర్ణ ఎక్కిన ఎవరెస్ట్ లాంటి చోట మంచు కరిగిస్తేనే తాగడానికి నీళ్ళు. అక్కడ స్టవ్ ఆగితే గొంతు ఎండుతుంది.

మన దగ్గర అసలు శత్రువు ఎండ. డబ్బా 50 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో బండి డిక్కీలో వదిలేస్తే ఏమవుతుందో మీరే ఆలోచించండి.

మార్చుకోవడం సంగతి. గిన్నెకి మూత పెట్టండి. గాలి వచ్చే వైపు మాత్రమే, కాస్త ఎడంగా అడ్డం పెట్టండి. డబ్బా నెత్తినే బిగించే స్టవ్ అయితే చుట్టూ రేకు చుట్టొద్దు, వేడి తిరిగి డబ్బాకే తగులుతుంది. గాలి లేకపోతే లీటరు నీళ్ళకి 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ చాలు. అంటే 230 గ్రాముల డబ్బాతో సుమారు 15 లీటర్లు.

వాల్వు, వాషరు, జెట్టు, వీటిని మాత్రం ముట్టుకోవద్దు. ఇంటి సిలిండర్ నుంచి చిన్న డబ్బాలోకి గ్యాస్ ఎక్కించే వీడియోలు చూసి చేయొద్దు. ఇంటి ఎల్పీజీలో ప్రొపేన్ కూడా ఉంటుంది. బ్యూటేన్ కోసం చేసిన పల్చటి డబ్బా ఆ ఒత్తిడికి ఆగకపోవచ్చు. స్కాట్‌కి వాషర్ లీకైతే నూనె పోయింది, మనకి లీకైతే మంటే.

ఇంకోటి, డబ్బాని రైల్లో తీసుకెళ్ళొద్దు. 2023 ఆగస్టు 26న మధురైలో ఆగి ఉన్న యాత్రికుల బోగీలో, అక్రమంగా తెచ్చిన గ్యాస్ సిలిండర్ వల్ల మంటలు లేచి తొమ్మిది మంది చనిపోయారు. విమానంలోనూ ఒప్పుకోరు. స్టవ్ ఇక్కణ్ణించి పట్టుకెళ్ళండి, గ్యాస్ అక్కడే కొనుక్కోండి.

చివరిగా, కొండపల్లి అడవి ఎండాకాలం ఎండుగడ్డితో నిండి ఉంటుంది. రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా నిప్పు రాజేయడం నేరం, అది గ్యాస్ స్టవ్ అయినా నిప్పే. ఆ రోజుకి ఫ్లాస్కులో టీ పోసుకెళ్ళండి, అదే అన్నిటికంటే తేలికైన స్టవ్. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం.