దూరమునుండి మనశ్చికిత్స : ఉత్తరము మొదలు తెర వరకు

శరీరమునకు జబ్బు చేసినపుడు వైద్యుడు నాడి పట్టి చూచును. కడుపు నొక్కి చూచును. అవసరమైనచో సూదిమందు వేయును. ఈ పనులకు రోగి వైద్యుని యెదుట ఉండక తప్పదు. మనస్సునకు జబ్బు చేసినపుడు సంగతి కొంత వేరు. దానికి మందులు ఉన్నను, మనశ్చికిత్సకు ముఖ్య సాధనము సంభాషణ. రోగి తన బాధ చెప్పును. చికిత్సకుడు వినును, ప్రశ్నించును, దారి చూపును. మాట దేశదేశములకు క్షణములో పోగల ఈ కాలములో ఈ సంభాషణ దూరమునుండి కూడ జరుగవచ్చును గదా! అట్లు జరిగినచో అది ఎదుట కూర్చుండి చేయు చికిత్సతో సరితూగునా? దానివలన కలుగు లాభమేమి?

ఈ ప్రశ్న ఇంటర్నెట్టుతో పుట్టినదని పలువురు తలంతురు. కాని దీని చరిత్ర నూరేండ్లకు పైబడినది. దూరమును దాటు సాధనము క్రొత్తది వచ్చినప్పుడెల్ల ఎవరో ఒకరు దానిని మనస్సు బాధ తీర్చుటకు వాడి చూచిరి.

ఉత్తరము

వియన్నా నగరములో సిగ్మండ్ ఫ్రాయిడ్ 1909లో ఒక అయిదేండ్ల బాలుని వృత్తాంతము ప్రకటించెను. ఆ బాలునికి గుఱ్ఱములన్న మితిమీరిన భయము. గుఱ్ఱము కరచునేమోనని వీథిలోనికి పోవుటకే జంకెడివాడు. ఆ చికిత్సలో ఫ్రాయిడ్ బాలుని చూచినది ఒక్కమారు మాత్రమే. బాలుని మాటలను, కలలను తండ్రి వ్రాసి అందజేయుచుండెను. ఫ్రాయిడ్ తండ్రికి సలహాలిచ్చుచుండెను. బాలుని భయమునకు ఫ్రాయిడ్ చెప్పిన కారణమును నేటి శాస్త్రజ్ఞులు పెక్కురు అంగీకరింపరు. అయినను, చికిత్సకుడు రోగి ప్రక్కన లేకయే చికిత్స నడపవచ్చునను ఊహ ఆనాటికే ఉన్నదనుటకు ఇది నిదర్శనము.

టెలిఫోను

1953 నవంబరు 2వ తేదీన లండనులో చాడ్ వరా అను క్రైస్తవ పురోహితుడు, ప్రాణము తీసికొనదలచినవారు తనకు టెలిఫోను చేయవచ్చునని ప్రకటించి మొదటి పిలుపునకు బదులు పలికెను. దీని వెనుక ఒక విషాదము కలదు. ఆయన తన వృత్తి తొలినాళ్లలో ఒక బాలికకు అంత్యక్రియలు జరుపవలసి వచ్చెను. యౌవనారంభమున బాలికలందరికిని వచ్చు శరీరపు మార్పును ఆ పిల్ల భయంకర రోగమని భ్రమించి ప్రాణము తీసికొనెను. అడిగి తెలిసికొనుటకు ఆమెకు ఒక్క మనిషియు లేకపోయెను.

వరా స్థాపించిన ‘సమారిటన్లు’ అను సంస్థ నేటికిని పనిచేయుచున్నది. వారు చేయునది చికిత్స కాదు, శ్రద్ధగా వినుట. అయినను దూరపు సంభాషణలోని ఒక గుణము అక్కడ తేటపడినది. ముఖము కనబడనిచోట సిగ్గు తగ్గును. ఎదుట నోరు పెగలని మాట టెలిఫోనులో వెలువడును.

టెలివిజను

అమెరికాలోని నెబ్రాస్కా విశాలమైన రాష్ట్రము. జనము పలుచన, ఊళ్ల మధ్య దూరము ఎక్కువ. అక్కడి ఒమాహా నగరములోని మనోవైద్య సంస్థలో సెసిల్ విట్సన్, ఆయన సహచరులును 1959లో, ఇరువైపులవారును ఒకరినొకరు చూచుచు మాటలాడుకొనగల టెలివిజను ఏర్పాటును వాడుక లోనికి తెచ్చిరి. రోగులు ఒక గదిలో గుంపుగా కూర్చుందురు. చికిత్సకుడు వేరొక చోట నుండును. ఇట్లు నడిపిన గుంపులను, చికిత్సకుడు స్వయముగా కూర్చున్న గుంపులను పోల్చి చూడగా చెప్పుకోదగిన భేదము కనబడలేదు. 1964లో ఈ ఏర్పాటు 112 మైళ్ల, అనగా సుమారు 180 కిలోమీటర్ల, దూరమున నున్న నార్‌ఫోక్ ప్రభుత్వ మానసిక వైద్యశాల వరకు విస్తరించెను. నిపుణుడు ప్రయాణము చేయకయే అక్కడివారికి సలహా లభించెను. ఇంత ఉపయోగకరమైన పద్ధతి అప్పుడే లోకమంతటను వ్యాపింపకపోవుటకు ముఖ్య కారణము పరికరముల ఖరీదు.

ఒక హెచ్చరిక

ఇంతలో కంప్యూటరు వచ్చెను. 1966లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అను ప్రోగ్రామును ప్రకటించెను. మనము టైపు చేసిన వాక్యములోని మాటలనే త్రిప్పి, మనశ్చికిత్సకుని వలె అది ప్రశ్నలు వేయును. దానికి అర్థమగునది ఏమియు లేదు. అయినను ఆయన కార్యదర్శిని, అది యంత్రమని తెలిసియు, దానితో మాటలాడుచు ఆయనను గదినుండి వెలుపలికి పొమ్మని కోరెను! ఈ మోహమును చూచి కలవరపడిన వైజెన్‌బామ్, యంత్రమునకు అప్పగింపరాని పనులు కలవని 1976లో ఒక గ్రంథమునే వ్రాసెను. మనస్సు విప్పుట వేరు, చికిత్స పొందుట వేరు. ఆవలివైపున బాధ్యత వహించు మనిషి ఉన్నాడా అని చూచుకొనవలెనను పాఠము నేటికిని వర్తించును.

ఇంటర్నెట్టు

ఇంటర్నెట్టు ఇల్లిల్లు చేరిన పిదప పరీక్షలు పెద్దయెత్తున జరిగినవి. రోగి తన ఆలోచనలను తానే పరిశీలించి, దారి తప్పినవానిని సరిదిద్దుకొనుటకు నేర్పు చికిత్సాపద్ధతి యొకటి కలదు. ఇంగ్లండులో దిగులు వ్యాధితో నున్న 297 మందిపై జరిగిన ఒక పరీక్ష ఫలితములు 2009లో వెలువడినవి. వారిలో కొందరికి చికిత్సకులు కంప్యూటరు ద్వారా వ్రాతమాటలతో ఈ చికిత్స చేసిరి. తక్కినవారికి మామూలు వైద్యమే సాగెను. నాలుగు నెలలకు మొదటివారిలో నూటికి 38 మంది, రెండవవారిలో నూటికి 24 మంది కోలుకొనిరి.

ఇది చికిత్స పొందినవారికిని పొందనివారికిని జరిగిన పోలిక. ఎదుటి చికిత్సతో పోలిక కావలెనన్నచో 2012లో వెలువడిన షికాగో పరీక్షను చూడవలెను. దిగులు వ్యాధిగల 325 మందిని రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు టెలిఫోను ద్వారా, రెండవ జట్టుకు ఎదుట కూర్చుండబెట్టి, అదే చికిత్స 18 మారులు ఏర్పాటు చేసిరి. ఎదుటి చికిత్సలో నూటికి 33 మంది నడుమనే మానివేసిరి. టెలిఫోను చికిత్సలో 21 మంది మాత్రమే మానిరి. చికిత్స ముగియునాటికి రెండు జట్లును సమానముగా మెరుగుపడినవి. అయితే ఆరు నెలలు గడచిన పిదప చూడగా, ఎదుటి చికిత్స పొందినవారే కొంత మేలుగా నుండిరి.

ఇంటర్నెట్టు చికిత్స విషయమున స్వీడను శాస్త్రజ్ఞుడు పెర్ కార్ల్‌బ్రింగ్, సహచరులును 2018లో 20 పరిశోధనలను, మొత్తము 1,418 మందిని ఒకచోట చేర్చి లెక్కించిరి. చికిత్సకుని తోడ్పాటు ఉన్నపుడు ఇంటర్నెట్టు చికిత్సకును ఎదుటి చికిత్సకును ఫలితములో భేదము నామమాత్రమని తేలెను.

లాభమెక్కడ?

ఈ చరిత్ర నుండి ఒక సంగతి తేలుచున్నది. దూరపు చికిత్స ఎదుటి చికిత్సకంటె గొప్పది కాదు. దాని లాభము అందుబాటులో నున్నది. బస్సు ఖర్చు, పోయిన కూలి, నలుగురు చూతురను సిగ్గు, ఈ మూడును మనిషిని వైద్యుని వాకిట చేరనీయవు. చేరినను మరల రానీయవు. 2015–16లో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, మన దేశమున చికిత్స అందనివారు వ్యాధిని బట్టి నూటికి 70 నుండి 92 వరకు ఉన్నట్లు తేలెను. వీరిలో పెక్కురి విషయమున ఎంచుకొనవలసినది దూరపు చికిత్సకును ఎదుటి చికిత్సకును మధ్య కాదు. దూరపు చికిత్సకును ఏ చికిత్సయు లేకపోవుటకును మధ్య.

కోవిడ్ దినములలో, 2020 మార్చి 25న, భారత ప్రభుత్వము దూరవైద్యమునకు నియమములను ప్రకటించెను. 2022 అక్టోబరు 10న ‘టెలి మానస్’ ప్రారంభమయ్యెను. 14416 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేసి, తెలుగుతో సహా పలు భాషలలో రాత్రింబగళ్లు సలహా పొందవచ్చును.

పరిమితులును మరువరాదు. ప్రాణాపాయము పొంచియున్నవారికి, లేని ధ్వనులు వినబడుచున్నవారికి మనుష్యుల తోడు, వైద్యశాల అవసరము. ఒకే గది యింటిలో నలుగురు నడుమ కూర్చున్న పిల్లవానికి ఫోను ఉన్నను ఏకాంతము ఉండదు.

ఇక్కడ ఉపాధ్యాయులు చేయగల సాయము కలదు. పరీక్షా ఫలితములు వచ్చు దినములలో ముభావముగా తిరుగు విద్యార్థిని పిలిచి, కొంతసేపు తలుపు వేసికొనుటకు ఒక గది చూపి, ఆ సంఖ్య చేతికిచ్చి, మాటలు ముగియువరకు వెలుపల వేచియుండుట కష్టమైన పని కాదు. తంతి దూరమును తగ్గించును. కాని ఆ తంతి వద్దకు నడిపించుటకు దగ్గరి మనిషియే కావలెను.